నురగ చూసి నాడి చెప్పే చేతులు

శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కణ్నుంచి అల చూడాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్లు దాటాల్సిందే. అలాంటి రాతినేల మీద, ఓ ఇంటి హాల్లో, నాలుగడుగుల గాజు ట్యాంకులో క్లౌన్ చేపల జంట గుడ్లు పెట్టి కాపలా కాస్తోంది. ఆ నీళ్లను చూసుకునే అన్నకు నేను వీరాభిమానిని.

ముంబయిలో తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో తెరిచారు. వాళ్ల పక్కనే సముద్రం. మనం మాత్రం సముద్రాన్ని బకెట్లో కలుపుకోవాలి. లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం రావాలి. ఆర్వో నీళ్లలో ఉప్పు మిశ్రమం వేయాలే గానీ ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. పోస్తే కాల్షియం తెల్లగా అడుక్కి దిగిపోతుంది.

అసలు విద్యంతా స్కిమ్మర్ దగ్గరే. సన్నటి గాలిబుడగలకు చేపల వ్యర్థం, మిగిలిన మేతలోని మాంసకృత్తులు అంటుకుని, నురగగా పైకెక్కి కప్పులో పడతాయి. క్యానిస్టర్ ఫిల్టరే చాలనేవాళ్లున్నారు. నేను చచ్చినా ఒప్పుకోను. అది మురికిని లోపలే దాస్తుంది, ఆ మురికి కుళ్లి నైట్రేట్ అవుతుంది. స్కిమ్మర్ కుళ్లకముందే బయటికి తీసేస్తుంది.

ఒకరోజు మా స్కిమ్మర్ నురగ కట్టడం మానేసింది. నేను స్క్రూలన్నీ తిప్పి చూసి అలసిపోయాను. అన్న వచ్చి దేన్నీ ముట్టుకోలేదు. కాసేపు చెవి పెట్టి విన్నాడు. గాలిగొట్టం కొసను వేలితో మూశాడు, చప్పుడు మారలేదు. "గాలే పీల్చుకోవట్లేదు, ముక్కు దగ్గర ఉప్పు గట్టింది" అన్నాడు. గొట్టంలో గోరువెచ్చని ఆర్వో నీళ్లు పోశాడు. గరగర పోయి బుస్సుమన్న శబ్దం వచ్చింది. ఇంపెల్లర్‌ను వెనిగర్‌లో నానబెట్టి సున్నపు పొర వదిలించాడు. మర్నాటికి కప్పులో డికాక్షన్ రంగు నీళ్లు!

ఇంకో ఇంట్లో నత్తలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. పరీక్షల్లో అమ్మోనియా లేదు, పీహెచ్ 8.2. అందరూ చేతులెత్తేశారు. అన్న క్యాబినెట్ కింద టార్చి వేసి, నీళ్లు నింపే గొట్టంలో వేలెడంత ఇత్తడి జాయింటు పట్టుకున్నాడు. ఇత్తడిలో రాగి ఉంటుంది, నత్తలకూ రొయ్యలకూ రాగి విషం. డాక్టర్లకు దొరకని జ్వరాన్ని ఆర్ఎంపీ నాడి పట్టి చెప్పినట్టుంది నాకు.

వేసవిలో నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. తగ్గినంతా మంచి ఆర్వో నీళ్లతోనే నింపాలి. ఈ చిన్న సంగతి తెలియక మళ్లీ ఉప్పునీళ్లే పోసి ట్యాంకుల్ని చంపుకున్న ఇళ్లు ఎన్ని చూశానో! కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆర్వో పొరను తినేస్తుంది. ముందున్న కార్బన్ ఫిల్టర్ సమయానికి మార్చకపోతే పొర పోయినట్టే.

ఇంత విద్యను బజారు నాశనం చేస్తోంది. ఒక దుకాణంవాడు నాకు వంటింటి ఉప్పే చాలని చెప్పాడు. సముద్రపు లవణాల్లో సోడియం, క్లోరైడ్ కలిపి 85 శాతమే. మిగతా మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం ఎవరిస్తారు? ఆ దుకాణంలోనే కొన్న చవక స్కిమ్మర్ నెలన్నర నురగ కట్టనేలేదు, మూడు చేపలు పోయాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతకంటే ఘోరం, రాతి పగడాలను ప్రాణంతో అమ్మజూపేవాళ్లున్నారు. 2001 నుంచి అవి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. కొనేవాళ్లూ నేరస్థులే.

మన పక్కనే కొత్వాల్‌గూడ ఎకో పార్కు ప్రణాళికలో పక్షిశాలతో పాటు అక్వేరియం కూడా పెట్టారు. అధికారులకు నా మనవి ఒక్కటే. టెండర్లో తక్కువ ధర చూసి పంపులు కొనేముందు, ఈ ఊళ్లో ఇరుకు ట్యాంకుల కింద మోకాళ్ల మీద కూర్చుని పనిచేసే వాళ్లను పిలిపించండి. గొట్టాలు బిగించేటప్పుడే వాళ్లను పక్కన నిలబెట్టండి. ఇత్తడి ముక్క ఎక్కడ దాగుందో చూసే కన్ను వాళ్లది.