తవ్వితే తప్పు, కొంటే ఒప్పా?

మెకానిక్ షెడ్డులో స్కూటరు చక్రం విప్పగానే, బ్రేకు డ్రమ్ములోని నల్లటి పొడిని గాలి పైపుతో ఊదేయడం మీరు చూసే ఉంటారు. ఆ పొడిలో ఏముందో ఎప్పుడైనా ఆలోచించారా?

బ్రేకు వేస్తే బండి గతిశక్తి ఘర్షణ వల్ల ఉష్ణంగా మారుతుంది. ఆ వేడికి తట్టుకుంటుంది, పైగా చౌక. అందుకే బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతినారను దశాబ్దాలపాటు వాడారు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ళ తరువాత కాన్సర్ రావచ్చు.

బ్రేకు వేడికి రాతినార చాలావరకు రూపు మారిపోతుందనీ, పొడిలో మిగిలేది కొంచెమేననీ కొందరు వాదిస్తారు. నిజమే. కానీ కొత్త లైనింగును ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు లేచే ధూళి ఆ వేడి ఎరగదు కదా!

యూరోపియన్ యూనియన్ 2005 నుంచి రాతినారను దాదాపు పూర్తిగా నిషేధించింది. అమెరికాలో 1989 నాటి నిషేధాన్ని 1991లో కోర్టు చాలావరకు కొట్టివేసింది. తెల్ల రాతినారపై మళ్ళీ నిషేధ ఉత్తర్వు రావడానికి 2024 దాకా పట్టింది.

మరి మన దేశం? కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార నిక్షేపాలున్నాయి. ప్రమాదకరమని 1986లో కొత్త గనుల లీజులు ఆపారు. 1993లో పాతవాటి పొడిగింపూ ఆపారు. దిగుమతికి మాత్రం అనుమతి ఉంది! తవ్వేవాడికి హాని చేసేది రుద్దేవాడికి చేయదా? కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు పరిశ్రమలను ఆదేశించింది. రోడ్డు పక్క మెకానిక్ కుర్రాడికి రికార్డు రాసేదెవరు?

గాజునార, ఉక్కునార, అరామిడ్ పోగులతో చేసిన లైనింగులు ఉన్నాయి. రాతినార లేనివే అడిగి వేయించండి. పొడిని ఊదవద్దనీ, తడిగుడ్డతో తుడవమనీ చెప్పండి.