సగంలో ఆగిన ఆటకు అభిమానులు వేసిన అతుకులు

‘స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2’ అనే గేమ్ 2004 డిసెంబరులో ఎక్స్‌బాక్స్‌కు, 2005 ఫిబ్రవరిలో కంప్యూటర్‌కు వచ్చింది. పేరు పెద్దది, ఆట ఇంకా పెద్దది, ముగింపే సరిగా లేదు. చివరి గ్రహం మాలకోర్‌కు చేరేసరికి, అంతదాకా మన వెంట నడిచిన స్నేహితులు ఏమయ్యారో తెలీదు. ఒక చిన్న రోబోను ఒక పని మీద పంపుతాం. దానికి శత్రువు అడ్డం వస్తాడు. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తరు!

కారణం తొందర. మొదటి భాగాన్ని బయోవేర్ వాళ్లు చేశారు. రెండోది అప్పుడే పుట్టిన అబ్సిడియన్ అనే కంపెనీకి దక్కింది. లూకాస్‌ఆర్ట్స్ ఇచ్చిన గడువు ఏడాది చిల్లర. గడువు దగ్గర పడేకొద్దీ సీన్లు కోసేశారు, ఒక గ్రహాన్నే తీసేశారు.

అయినా జనం దీన్ని ఎందుకు వదల్లేదంటే, నా లెక్కలో క్రేయా వల్ల. ఈ ముసలామె మనకు గురువు. నార్ షాడా గ్రహంలో ఒక బిచ్చగాడు డబ్బు అడుగుతాడు. ఇచ్చామా, ఆ డబ్బు కోసం ఇంకొకడు వాణ్ణి కొట్టడం ఆమె మనకు చూపిస్తుంది. ఇవ్వకపోయామా, ఆ కడుపుమంటతో వీడే వెళ్లి ఇంకొకర్ని కొడతాడు. రెండు రకాలా తిట్లే! మంచి చేస్తే మార్కులు వేసే ఆటలు చాలా ఉన్నాయి. ఆ మంచి తర్వాత ఏమైందని అడిగే ఆట ఇది. అలాంటి కథ చివర్లో తెగిపోతే బాధ ఉండదా?

అభిమానులకు ఒక సంగతి దొరికింది. కోసేసిన సీన్లలో చాలావాటి మాటలు, నటుల గొంతుతో సహా, ఆట ఫైళ్లలోనే పడి ఉన్నాయి. వాటిని పిలిచే ఆజ్ఞలే లేవు. ఆ ముక్కలు వెతికి కలిపే పని ఏళ్ల తరబడి సాగింది. ‘రిస్టోర్డ్ కంటెంట్ మాడ్’ అనే ఆ సవరణ ఉచితం. చేసినవాళ్లకు జీతం లేదు.

మన భారతం కూడా సగంలో ఆగిందే గదా. నన్నయ అరణ్యపర్వంలో శరత్కాల రాత్రుల దగ్గర ఆపితే, ఎర్రన ఆ మిగతాది నన్నయ రాసినట్టే రాజరాజుకు అంకితంగా పూర్తి చేశాడు. కానీ ఎర్రన కొత్తగా రాశాడు. వీళ్లు తమ కల్పన పెట్టకుండా, ఉన్నదాన్ని అతికించడానికే చూశారు. అందుకే అతుకు పెద్దగా కనపడదు. ఏటన్ అనే స్నేహితుడు సయన్‌తో ఒంటరిగా తలపడే సీను తిరిగి వచ్చాక, అతను అంతదాకా చెప్పిన మాటలకు కొత్త బరువు వచ్చింది.

కానీ దొరికిందల్లా పెట్టాలా? హెచ్‌కే రోబోల కర్మాగారం కూడా తిరిగి వచ్చింది. మాటలు నవ్విస్తాయి గానీ, గదులు సాగి సాగి విసుగు పుడుతుంది. తీసేసిన ఎం4-78 గ్రహాన్ని వేరే మాడ్‌గా చేశారు. అక్కడ ఒక రోబో దగ్గర్నుంచి ఇంకో రోబో దగ్గరికి తిరగడమే పని. కోసినవాళ్లు తొందరలో కోసినా, ఈ ఒక్కటి కోసి మంచే చేశారని నాకనిపిస్తుంది. వేరుగా ఉంచడం వల్ల వద్దనుకున్నవాళ్లు వదిలేయొచ్చు. అది తెలివైన పని.

2022 జూన్‌లో ఆస్పైర్ అనే సంస్థ ఈ ఆటను నింటెండో స్విచ్‌కు తెచ్చింది. కోసేసిన భాగాలు తర్వాత అందిస్తామని ప్రకటించింది. ఆ మాట చూసి కొన్నవాళ్లున్నారు. 2023 జూన్‌లో అవి రావని చెప్పేశారు. అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ ఆశపెట్టింది అభిమానులు కాదు, డబ్బు తీసుకున్న సంస్థ. కంప్యూటర్ ఉన్నవాళ్లకు మాత్రం అదే మాడ్ ఇప్పటికీ పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది.