పట్నము, బందరు, రేవు

తీరమందలి ఊళ్ల పేర్లను వివరించునప్పుడు పట్నమనగా నగరమని చెప్పి ఊరకుండుట పరిపాటి. ఈ వివరణము చాలదు. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, మచిలీపట్నము, కృష్ణపట్నము: ఇవన్నియు ఓడలు నిలిచిన తావులే. తమిళమున తీరనగరమునకు పట్టినమనియు, సామాన్యనగరమునకు పట్టణమనియు రెండు రూపములు నిలిచినవి. నాగపట్టినము మొదటిదానికి నిదర్శనము. తెలుగు ఊళ్ల పేర్లలో ఆ భేదము చెరిగినది. లోతట్టునగల ఇబ్రహీంపట్నమును, కడలియొడ్డునగల కృష్ణపట్నమును పేరునుబట్టి వేరుపరుపజాలము.

బీదరువంటి బహుభాషాసీమలో ఈ చిక్కు మరింత స్ఫుటము. పొరుగున తెలంగాణమున పట్నమనగా హైదరాబాదు. కన్నడమున పట్టణమనగా ఏ నగరమైనను సరియే; శ్రీరంగపట్టణమునకు సముద్రముతో పొత్తు లేదు. బందరు అను పారసీకపదము కన్నడమున మంగళూరునకును కార్వారమునకును సమానముగ చెల్లును. కృష్ణాజిల్లావారికి మాత్రము బందరొక్కటే, అది మచిలీపట్నము. అచట జాతివాచకమే సంజ్ఞావాచకమైనది. బీదరునందు కన్నడముతోపాటు తెలుగు నేర్చు బాలునకు ఈ రెండర్థములును చెప్పనిచో పాఠము తికమకయగును.

ఇక రేవు. నీటికిని నేలకును నడుమ ఎక్కుటకు, దిగుటకు అనువైన చోటు రేవు. అది కడలికేగాక ఏటికిని చెరువునకును వర్తించును. అనకాపల్లి జిల్లాలోని రేవుపోలవరము, గోదావరిపై కోటిపల్లి రేవు ఇందుకు సాక్ష్యములు. పట్నము ఊరిని చెప్పును; రేవు ఒడ్డును చెప్పును.

స్కాండినేవియా భాషలలో ఇట్టి విభాగము చక్కగ నిలిచినది. డేనిష్ భాషలో హావ్న్ అనగా ఓడలకు ఆశ్రయమగు చోటు. కోపెన్‌హాగన్ నగరపు స్వదేశనామమునకు వర్తకుల హావ్న్ అని అర్థము. నార్వేలో బ్రిగ్గె అనగా ఓడ యానుకొను ఒడ్డుకట్ట. ఓస్లోలో 1982లో ఓడల కర్మాగారము మూతపడిన తీరమున వెలసిన క్రొత్తపేటకు ఆకెర్ బ్రిగ్గె అని పేరిడిరి. ఓడలపని పోయినను ఒడ్డుపేరు పోలేదు.

తెలుగునాట రాజమహేంద్రవరమందలి కోటిలింగాల రేవు పలువురి నోట ఘాటగుచున్నది. అరువుపదము వచ్చుట దోషము కాదు, బందరును అరువే. ఉన్న మాట చేయుచుండిన పనిని మరచుట దోషము. స్థలనామములను బోధించువారు ఊరేది, ఒడ్డేది అని విడదీసి చెప్పినచో, సముద్రమెరుగని బీదరు బాలునకు సైతము ఆ పేర్లలోని తీరము గోచరించును.