వేలికొసన రెండు వెలుగులు

పల్స్ ఆక్సీమీటర్ వేలిలోకి 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపుతుంది. ఆక్సిజన్ ఉన్న, లేని హిమోగ్లోబిన్‌లు వీటిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. నాడి కొట్టినప్పుడల్లా మారే ఆ తేడా నుంచే రక్తంలో ఆక్సిజన్ శాతం తేలుతుంది. ఈ సూత్రాన్ని జపాన్ ఇంజనీరు టాకువో అయోయాగి 1974లో ప్రకటించాడు.

నాదర్‌గుల్ నుంచి ఎల్బీ నగర్ ఐసీయూకు చేరిన రోగికి రక్తప్రసరణ మందగించి వేళ్లు చల్లబడితే నాడి అల సన్నబడుతుంది, అంకెను నమ్మలేం. నర్సు పనితనం తెలిసేది అక్కడే. ఆమె అంకె కన్నా ముందు అలను చూస్తుంది. చేతిని వెచ్చబరుస్తుంది, బీపీ పట్టీ లేని చేతికి క్లిప్పు మారుస్తుంది, తప్పకపోతే చెవితమ్మెకు పెడుతుంది. గోరు నొక్కి వదిలి, ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తోందో లెక్కపెడుతుంది. ఎంత మెచ్చుకున్నా తక్కువే. గోళ్ల రంగు కూడా ఆ కాంతిని అడ్డుకోగలదు కాబట్టి, ఆసుపత్రికి వెళ్లేవారు దాన్ని ముందే తుడుచుకోవాలి.