దత్తత కథల్లో కన్నతల్లి ఎక్కడ?

మా పెదనాన్న కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. మన దేశం నుంచి ఒక పాపను దత్తత తీసుకోవడానికి మూడేళ్లుగా ఎదురుచూస్తోంది. ఇంటికొచ్చి విచారించి వెళ్లారు, పోలీసు సర్టిఫికెట్లు తెచ్చుకుంది, వాటి గడువు తీరిపోతే మళ్లీ తెచ్చుకుంది. గది సర్దింది. వచ్చే పాప వయసెంతో తెలియదు కనక గౌన్లు మాత్రం కొనలేదు. మొన్న ఫోన్ చేసి, "సాహిత్యంలో డాక్టరేట్ చేశావు కదా, ఈ ఎదురుచూపు గురించి ఏమైనా పుస్తకాలుంటే చెప్పవే" అంది.

నాకు వెంటనే గుర్తొచ్చింది కారిన్ ఎవాన్స్ రాసిన 'ది లాస్ట్ డాటర్స్ ఆఫ్ చైనా' (2000). చైనా నుంచి పాపను తెచ్చుకున్న ఈ అమెరికన్ జర్నలిస్టు ఫారాలు, నిరీక్షణ, ప్రయాణం అన్నీ ఆత్మీయంగా రాసింది. ఆమె కన్నతల్లిని మరచిపోలేదు. ఆ తల్లి ఎవరో, ఎందుకు వదులుకుందో అని మళ్లీ మళ్లీ ఆలోచిస్తుంది. కానీ ఊహించుకోవడమే తప్ప ఆమె మాట వినే దారి లేదు. చైనాలో బిడ్డను వదిలేయడం నేరం కాబట్టి, వదిలిన తల్లి పేరు చెప్పుకోలేదు. ఎదురుచూసే తల్లికి ఫైలు ఉంది, పుస్తకం ఉంది. కన్నతల్లికి రెండూ లేవు.

ఆ లోటు కొంత తీర్చింది షిన్‌రాన్. నాన్‌జింగ్ రేడియోలో పనిచేసి 1997లో లండన్ వెళ్లిన ఈ రచయిత్రి 'మెసేజ్ ఫ్రమ్ ఏన్ అన్‌నోన్ చైనీస్ మదర్' (2010)లో ఆడపిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల చేత మాట్లాడించింది. మా అమ్మ నన్నెందుకు వద్దనుకుందని విదేశాల్లో పెరిగిన కూతుళ్లు అడిగే ప్రశ్నకు జవాబు వెతికిన పుస్తకమిది. చదువుతుంటే 'వద్దనుకోవడం' అనే మాటే తప్పనిపిస్తుంది. కొడుకే కావాలన్న అత్తింటి పట్టు ఒకపక్క, ఒకే సంతానం అన్న ప్రభుత్వ నియమం ఇంకోపక్క. నిర్ణయం తల్లిది కాదు, నింద మాత్రం ఆమెదే. కొడుకున్న షిన్‌రాన్ కూడా తాను చేరదీసిన ఒక పాపను ఆ నియమం వల్లే వదులుకోవాల్సి వచ్చింది.

1992లో దత్తత చట్టం వచ్చాక లక్షన్నరకు పైగా పిల్లల్ని విదేశాలకు పంపిన చైనా, 2024లో బంధువులకు తప్ప ఇక ఇవ్వబోమంది. అప్పటికే పాప ఎవరో తెలిసి, ఫోటో పెట్టుకుని ఏళ్లుగా చూస్తున్న కుటుంబాల దుఃఖం పత్రికల్లో వచ్చింది. రావలసిందే. ఆ లక్షన్నర మంది కన్నతల్లుల ఎదురుచూపు మాత్రం ఏ రోజూ వార్త కాలేదు.

ఇదేదో చైనా సంగతని పక్కన పెట్టడానికి మనకి వీల్లేదు. 1999లోనూ 2001లోనూ హైదరాబాద్‌లో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. తండాల్లో లంబాడీ ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని అనాథాశ్రమాలకు చేర్చిన సంగతి అప్పుడే తెలిసింది. అమ్ముకున్నారన్న మాట లోకానికి గుర్తుండిపోయింది. మూడో ఆడపిల్లను కన్న ఆ తల్లిని అడిగినవాళ్లెవరు? మన పాటల్లో కూడా అంతే. యశోద ఇల్లంతా తిరుగుతుంది, దేవకి చెరసాల దగ్గరే ఆగిపోతుంది.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. బాలింత ఒంటి పచ్చి ఆరడానికే సరిపోని ఆ గడువులో భర్తను, అత్తింటిని, పేదరికాన్ని ఎదిరించి ఆమె వెనక్కి రావాలి. అరవయ్యో రోజు తర్వాత ఆమె ఎదురుచూపుకి చట్టంలో చోటు లేదు.

ఇదంతా చెప్పి, షిన్‌రాన్ పుస్తకం చదవమన్నాను అక్కని. వారం తర్వాత ఫోన్లో గొంతు మారింది. "అయితే నేను దొంగనా? గొడ్రాలినని సీమంతాలకి పిలవడం మానేసిన వాళ్లని వదిలేసి నన్నంటావేంటే?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. పిల్లల్లేని ఆడదానికి విలువ లేదన్నదీ, ఆడపిల్లని కన్నదానికి విలువ లేదన్నదీ ఒకే పితృస్వామ్యం. ఇద్దరినీ అది ఒకరికొకరు కనపడకుండా నిలబెడుతుంది. ఎదురుచూపు నేరం కాదు. అవతల ఇంకొకామె ఉందని ఎరిగి ఎదురుచూడడమే మనం నేర్చుకోవాల్సింది.

మళ్లీ తనే ఫోన్ చేసింది. ఫైలు చేతికొచ్చినప్పుడు, పాప ఎలా వచ్చిందో, తల్లి సంతకం ఉందో లేదో గట్టిగా అడుగుతానంది. "అడిగితే నన్ను పక్కన పెట్టేస్తారేమోనని భయంగా ఉందే" అని కూడా అంది. ఆ భయం ఉత్తది కాదు. అయినా అడగమన్నాను.