చిత్రకారుని చిత్తుపుస్తకము

మన బడులలో చిత్రలేఖనమనగా ఒరవడి దిద్దుటయే. ఉపాధ్యాయుడు నల్లబల్లపై మామిడికాయను గీయును. బాలురు ఆ గీతనే గీయుదురు. తప్పిన గీతను రబ్బరుతో తుడిచివేయుదురు. పుట శుభ్రముగా నున్నచో మార్కులు వచ్చును. ఇరువదియేండ్లుగా ఈ వృత్తిలో నున్న మేమును అట్లే తుడిపించితిమి. కావున ఈ విమర్శ మొదట మాకే తగులును.

ఇటలీదేశపు చిత్రకారుడు లియొనార్డో డావిన్సి (1452–1519) మతము ఇందుకు విరుద్ధము. చిత్రకారుడు వీధిని పోవునపుడు చిన్నపుస్తకమును వెంట నుంచుకొని, జనులు మాటలాడుటయు, కలహించుటయు, నవ్వుటయు చూచినంతనే నాలుగు గీతలలో గుర్తించుకొనవలెనని ఆతని ఉపదేశము. ఆ కాగితమునకు ముందుగా రంగు పూసి యుండవలెను. ఎందుకనగా, గీచినది తుడుచుటకు వీలులేకుండుటకు!

లండనులోని బ్రిటిషు మ్యూజియములో, 1480 ప్రాంతమున ఆతడు గీచిన కాగితమొకటి గలదు. కన్య మరియ, ఆమె ఒడిలో బాలయేసు, ఆ బాలుని చేతులలో పెనుగులాడు పిల్లి—ఇదియే వస్తువు. తల్లి తల ఎటు వంగవలెనో ఆతడు వెంటనే తేల్చుకొనలేదు. ఒక తలపై మఱియొక తలను గీచెను. గీతలు చిక్కుపడగా కాగితమును త్రిప్పి, ఆ రూపమునే అవతలి వైపునకు దింపి, కుడి యెడమలు మారిన కూర్పును పరీక్షించెను. పిల్లి గల వర్ణచిత్రమేదియు నేడు నిలిచి యుండలేదు. అయినను శ్రమ వ్యర్థము కాలేదు. పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్న పిదపటి చిత్రమున బాలయేసు గొఱ్ఱెపిల్లను పట్టుకొని యున్నాడు. పిల్లినాటి పెనుగులాటయే అందు పండినదని మాకు తోచుచున్నది.

ఇట నొక ఆక్షేపము రావచ్చును. ఆతడు 1481లో ఒప్పుకొన్న తూర్పు జ్ఞానుల ఆరాధనా చిత్రమును అసంపూర్తిగా విడిచి మిలానునకు పోయెను గదా యని. సత్యమే. చిత్తు ఎన్నడును సాపునకు బదులు కానేరదు. కాని చిత్తులేని సాపు పరుల సొమ్ము. ఇతరుల గీతను నేర్పుతో దిద్దిన చేయి లేఖరిది కావచ్చునుగాని చిత్రకారునిది కాదు. తుడిచివేసిన గీతతోపాటు, అది యెందుకు తప్పెనో తెలిసికొను అవకాశమును తుడిచిపెట్టుకొని పోవుచున్నది.

కావున గృహస్థులు తమ బాలురకును బాలికలకును తెల్లకాగితములు కుట్టిన పుస్తకమొకటి ఇత్తురుగాక. దానికి మార్కులు వలదు, రబ్బరు వలదు. మా తరగతిలో ఈ యేడు ఇట్లు మొదలుపెట్టితిమి. పుటలు మురికిగానే యున్నవి. అయినను ఏ పిల్లవాడు ఎట్లు ఆలోచించుచున్నాడో మాకిప్పుడు మొదటిసారి కనబడుచున్నది.