సవర సంఖ్యామానం – స్థానవిలువ బోధన: ఒక పరిశీలన

హరిశ్చంద్రపురం, పలాసల మీదుగా సాగే రైలుమార్గానికి పడమటనున్న కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాషను వివరిస్తూ గిడుగు రామమూర్తి పంతులు 1931లో గ్రంథం ప్రకటించారు. ఆ భాషా సంప్రదాయ గణనలో పదమూడంటే ‘పన్నెండు-ఒకటి’, పందొమ్మిదంటే ‘పన్నెండు-ఏడు’. ఆపైన ఇరవై ఆధారం. ముప్పైమూడు ‘ఇరవై-పన్నెండు-ఒకటి’ అవుతుంది.

ప్రాథమిక తరగతుల్లో స్థానవిలువ బోధనకు పదిపుల్లల కట్ట సర్వసాధారణం. 33 అంటే మూడు కట్టలు, మూడు విడిపుల్లలు. తెలుగు పిల్లలకు ‘ముప్పై మూడు’ అన్న మాటే ఈ విభజనను వినిపిస్తుంది. అయినా నూట ఐదును 1005గా రాసే పిల్లలు తెలుగు బడుల్లోనూ కనిపిస్తారు. విన్నది విన్నట్టు రాయడమే వారి తర్కం. సవర పిల్లలకు ఇంట వినిపించేది 20, 12, 1. ఆ మాటకూ ఈ కట్టకూ పొత్తు కుదరదు. (సంతలో తెలుగు లెక్క విన్నవారికి చిక్కు కొంత తక్కువ.) ఈ తడబాటును మందబుద్ధిగా జమకట్టడం బోధనాలోపమే. పాఠాన్ని సవరలోకి అనువదించినంత మాత్రాన సమస్య తీరదు. పది ఆధారం అంకెల రాతలోనే ఉంది. 33 పుల్లలను ముందు ఇంటిలెక్క ప్రకారం పేర్పించి, ఆ కట్టలనే విప్పి పదులుగా మళ్ళీ కట్టించాలి. ఇరవై రెండు కట్టలవుతుంది. పన్నెండులో ఒక కట్ట పోను మిగిలిన రెండు పుల్లలు ఆ ఒంటిపుల్లతో చేరి మూడవుతాయి.